స్పీకర్లు రాని శనివారం

కారు ఊరు దాటిందో లేదో రక్షిత చెయ్యి తలమీదికి పోయేది. చెవి పైన జుట్టులో అయస్కాంతంతో అతుక్కుని ఉండే గుండ్రటి బిళ్ళను టపీమని పీకేది. చెవికి తగిలించిన మెషిన్‌ను కూడా ఊడదీసి, వైరుతో సహా అమ్మ ఒళ్లో పడేసి, కిటికీ వైపు తిరిగి కూర్చునేది. మళ్ళీ పెట్టబోతే ఏడుపు. ఏడుపంటే మామూలు ఏడుపా, ఊపిరి బిగబట్టి నల్లబడిపోయే ఏడుపు.

ఇంట్లో మాత్రం ఇట్లా చేయదు. ధనంజయకు అంతుబట్టని సంగతి ఇదే. పొద్దున ముఖం కడిగి మెషిన్ పెడితే రాత్రి పడుకునేదాకా దాని జోలికే పోదు. కోడి కూస్తే తిరిగి చూస్తుంది. బిందె కిందపడితే ఉలిక్కిపడుతుంది. పడిన చప్పుడు బాగుందనిపించి, ఆ బిందెను ఎత్తి మళ్ళీ పడేసి తల్లి చేత తిట్లు తింటుంది. కారెక్కితే చాలు, దానికి ఏం పూనుతుందో ఏమో.

కారు ధనంజయ సొంతమే, బాడుగకు తిప్పే ఎల్లో బోర్డు బండి. ఒకప్పుడు వాళ్ల ఇంటి నిండా గొర్రెలు. గొర్రెలు పోయి సేద్యం వచ్చింది, ఆ పొలం సోలార్ పార్కుకు పోయింది. ఇప్పుడు ఆ పార్కు ఇంజనీర్లనే పావగడ నుంచి పార్కుకూ, పార్కు నుంచి పావగడకూ తిప్పుతూ బతుకుతున్నాడు. శనివారం మాత్రం ఏ ఇంజనీరు పిలిచినా పోడు. శనివారం రక్షితది. నాగలమడిక దగ్గరి వాళ్ల ఊరినుంచి పిల్లనూ భార్య సౌభాగ్యనూ ఎక్కించుకుని తుమకూరుకు, మాటలు నేర్పే ప్రతిభ మేడమ్ దగ్గరికి పోవాలి.

నాలుగేళ్లు దాటిన పిల్ల. పుట్టుకతోనే వినపడదు. ఈ ఏడే బెంగళూరులో ఆపరేషన్ చేసి తల లోపల ఏదో అమర్చారు, బయట ఈ మెషిన్ ఇచ్చారు. ఆపరేషన్ అయితే అంతా అయినట్టేనని ధనంజయ అనుకున్నాడు. ప్రతిభ మేడమ్ మొదటిరోజే ఆ ఆనందం మీద నీళ్లు చల్లింది. ఆవిడది మధుగిరి, తెలుగు బాగానే వచ్చు.

"మెషిన్ పెట్టినంత మాత్రాన మాట రాదప్పా. మెలకువగా ఉన్నంతసేపూ తలమీద ఉండాల, చెవిలో చప్పుళ్లు పడతా ఉండాల. ఇప్పటికే ఆలస్యం అయ్యింది. ఈ ఒకటి రెండేండ్లు పోయినాయంటే ఆ మీదట నేను మాత్రం ఏం చేసేది?"

ధనంజయ లెక్క వేసుకున్నాడు. తుమకూరుకు పోయే దారంతా, వచ్చే దారంతా మెషిన్ లేకుండానే. పైగా కార్లో ఏడ్చి ఏడ్చి వచ్చిన పిల్ల, అక్కడికి పోయాక కూడా దాన్ని తలమీదికి రానివ్వదు. పిల్ల కోసం పెట్టుకున్న రోజే పిల్లకు దండగవుతోంది. ఇట్లాగే సాగితే మాటలు రావు. ఆ ముక్క ఇంట్లో ఎవరూ పైకి అనరు, మనసులో మాత్రం ఇద్దరికీ అదే.

ధనంజయ బుర్ర చించుకున్నాడు. ఇంట్లో ఉంచుకునేది కార్లో ఎందుకు పీకేస్తుంది? కార్లో ఉండేదేంది, ఇంట్లో లేనిదేంది? పాటలు. కార్లో స్టీరియో ఎప్పుడూ మోగుతూనే ఉంటుంది, పిల్ల చెవిలో చప్పుడు పడాలని అతనే పెడతాడు. ఆ స్పీకర్లు బండితో వచ్చినవి, గొంతు పోయిన కోడిపుంజుల్లా గరగరమంటాయి. కొత్తగా వింటున్న పిల్లకు ఇంత దరిద్రపు సౌండు వినిపిస్తే పీకి పారేయక ఏం చేస్తుంది?

ఇంకో సాక్ష్యం కూడా దొరికింది. పోయినేడు జాతరకు ఆర్కెస్ట్రా వచ్చింది. అప్పటికి మెషిన్ లేదు. మనిషెత్తు సౌండ్ బాక్సుల ముందు పెద్దోళ్లే చెవులు మూసుకుంటుంటే, రక్షిత మాత్రం నేరుగా పోయి బాక్సుకు రెండు అరచేతులూ ఆనించి కిలకిలా నవ్వింది. ఎంత లాగినా రాలేదు. అంటే ఏమిటి? పిల్లకు సౌండు ఇష్టమే, మంచి సౌండు కావాలి! తన తెలివికి తనే మురిసిపోయాడు ధనంజయ. మురిసిపోక ఏం చేస్తాడు పాపం, అడగబోతే చెప్పే నోరు ఆ పిల్లకు లేదు కదా. సైగ చేసి అడిగితే కిటికీ వైపు చూస్తుంది.

ఇక సలహాలు మొదలయ్యాయి. బండెక్కిన బెంగళూరు ఇంజనీరు, స్పీకర్లను ముట్టుకోవద్దు, స్టీరియో మార్చు చాలన్నాడు. అనంతపురం ఇంజనీరు, స్టీరియో జోలికి పోవద్దు, స్పీకర్లు మార్చమన్నాడు. మూడోవాడు ఇద్దరినీ తిట్టి, వైర్లు మంచివి వేస్తే ఏదైనా పాడుతుందన్నాడు. ఇంతమంది చదువుకున్నోళ్లు ఒక్క మాటమీద నిలబడకపోతే డ్రైవరు ఏమైపోవాలి? అందరికీ తలూపి, ధనంజయ బండిని పావగడ బజారుకు తిప్పాడు.

బజారులో అనంతపద్మనాభ శెట్టిగారి కిరాణా కొట్టు పక్కనే, ఆయన కొడుకు తేజస్ కారు సామాన్ల షాపు పెట్టాడు. సీటు కవర్లు, మ్యాట్లు, స్టీరియోలు. పని ఎక్కడ నేర్చుకున్నాడంటే, ఫోన్లో వీడియోలు చూసి.

"ఇది స్పీకరా అన్నా? అట్టముక్క!" డోరులోంచి పాత స్పీకరును ఊడబెరికి చూపించాడు తేజస్. "పాప కాబట్టే పీకేసింది. పెద్దోళ్లయితే నిన్ను పీకుతారు."

కొట్లోంచి శెట్టిగారు కూడా వచ్చారు. కొత్త స్పీకర్లు రెండింటినీ చెరొక అరచేతిలో పెట్టుకుని, బెల్లం అచ్చులు జోకినట్టు కాసేపు పైకీ కిందికీ ఆడించారు.

"ఇది తీసుకో ధనంజయా. బరువుండాది. బరువు లేని సరుకు యాడ మోగుతాది?"

"నాన్నా, బరువు కాదు నాన్నా, చూసేది వేరే..."

"నువ్వు పుట్టకముందు నుంచి యాపారం చేస్తాండా. ఊరుకో."

తేజస్ ఊరుకున్నాడు. బరువైనవే బిగించాడు. అద్దాల పక్క మూలల్లో కీచు గొంతు పలికే చిన్న ట్వీటర్లు పెట్టాడు, స్టీరియో మార్చాడు. పాట పెట్టి ధనంజయను డ్రైవర్ సీట్లో కూర్చోబెట్టాడు.

"కండ్లు మూసుకో అన్నా. పాట యాడ నుంచి వస్తాండాది చెప్పు."

"యాడ నుంచేంది? స్పీకర్లలోంచి."

"కాదన్నా! పాడేటామె డ్యాష్‌బోర్డు నడిమధ్యలో నిలబడుకొని పాడినట్టుండాల. అదే క్వాలిటీ."

ధనంజయ కళ్లు తెరిచి చూశాడు. "ఆడ ఆంజనేయస్వామి ఉండాడు కదప్పా. ఆమెను యాడ నిలబెట్టేది?"

తేజస్ తల కొట్టుకున్నాడు. కానీ పాట మాత్రం అద్భుతంగా ఉంది. తబలా మీద వేలు పడటం కూడా వినిపిస్తోంది. ధనంజయకు ఒళ్లు పులకరించింది. శనివారం ఎప్పుడొస్తుందా అని ఎదురుచూశాడు.

శనివారం వచ్చింది. పాట ఎత్తుకుంది. ఊరు దాటకముందే రక్షిత ముఖం ముడుచుకుని, ఇదివరకటికంటే ముందే మెషిన్ పీకేసింది.

"భలే సౌండు తెచ్చినావు," అంది సౌభాగ్య. ఆమె నోటికి పదును ఎక్కువ. "ఇంతకుముందు ఊరు దాటేదాకన్నా ఓర్చుకునేది."

అదేమిటి? మంచి సౌండు పెడితే ఇంకా త్వరగా పీకేయడమేమిటి? తేజస్‌ను అడిగితే కీచు ఎక్కువైందన్నాడు, తగ్గించాడు. ఆ పై శనివారం పాడే గొంతు తక్కువైందన్నాడు, పెంచాడు. సౌండు ముందుకు జరిపాడు, వెనక్కు జరిపాడు. రక్షిత మాత్రం ఏ శనివారమూ మాట తప్పలేదు. చివరికి తేజస్‌కు జాతర కథ చెప్పాడు ధనంజయ. బాక్సుకు చేతులు ఆనించి నవ్విందని విన్నవెంటనే తేజస్ ఎగిరి గంతేశాడు.

"ఈ మాట ముందే చెప్పాల్నా లేదా అన్నా? పాపకు కావాల్సింది బేసు! నువ్వు నన్ను కీచు చుట్టూ తిప్పినావు."

ఎవరు ఎవరిని తిప్పారో ఆ ఆంజనేయస్వామికే తెలియాలి. మొత్తానికి ఒక ఆంప్లిఫయరూ, ఒక బేస్ డబ్బా వచ్చాయి. డిక్కీలో పెడితే ప్యాసింజర్ల సామాను పట్టదని, డ్రైవర్ సీటు వెనకాల, రక్షిత కాళ్ల దగ్గర ఇరికించాడు తేజస్. ముందు ఇనుప జాలీ ఉన్న నల్ల డబ్బా. శెట్టిగారు దాన్ని ఎత్తబోయి, ఎత్తలేక, ఆనందంగా సర్టిఫికెట్ ఇచ్చేశారు.

ఆ శనివారం కారెక్కగానే డబ్బా ధమ్‌ధమ్మని కొట్టడం మొదలైంది. ధనంజయ అద్దంలోంచి చూస్తున్నాడు. రక్షిత కళ్లు పెద్దవయ్యాయి. నవ్వింది! సౌభాగ్య కూడా నవ్వబోయింది. అంతలో పిల్ల చెయ్యి తలమీదికి పోయింది. బిళ్ళను పీకింది. ఈసారి అమ్మ ఒళ్లో వేయలేదు. వంగి, డబ్బా ఇనుప జాలీకి అంటించింది. అయస్కాంతం కదా, చక్కగా అతుక్కుంది. మెషిన్ వైరుకు వేలాడుతోంది. ఇక పిల్ల రెండు అరచేతులూ డబ్బామీద పెట్టుకుని, తుమకూరు దాకా నవ్వుతూనే ఉంది.

మెషిన్ డబ్బా పెట్టుకుంది. పిల్ల పెట్టుకోలేదు. ఇప్పుడు సంతోషపడాలా, ఏడవాలా? పిల్ల ఇంత సంతోషంగా కార్లో ఎప్పుడూ లేదు. చెవిలో మాత్రం ఒక్క చప్పుడూ పడలేదు.

"డబ్బాకు మాటలు నేర్పిచ్చుకొని రా పో," అంది సౌభాగ్య, దిగేటప్పుడు. గొంతు తిట్టినట్టే ఉంది గానీ కళ్లనిండా నీళ్లు.

ప్రతిభ మేడమ్ ఆ రోజు పాఠం చెప్పలేదు. చెప్పడానికి పిల్ల మెషిన్ పెట్టనిస్తే కదా. వాళ్లిద్దరినీ కూర్చోబెట్టి నిదానంగా అంది.

"కార్లో ఆమెకు ఏం వినిపిస్తాండాదో మీకూ తెలీదు, నాకూ తెలీదు. మనం వద్దనుకున్న చప్పుడును మన చెవి పక్కకు నెడతాది. ఈ మెషిన్‌కు ఆ తెలివి తక్కువ. చప్పుళ్లన్నీ కలిసిపోయి మీద పడతాయి. ఎట్లనో చూడండప్పా. ఇట్లనే తీసి పారేసి, ఆ మీదట ఇంట్లో కూడా పెట్టుకోని పిల్లల్ని చూసినా నేను."

తిరుగుదారిలో ధనంజయ పాట పెట్టలేదు. భయం వేసింది. సోమవారం పొద్దున్నే తేజస్ షాపు ముందు నిలబడ్డాడు.

"చప్పుళ్లు కలిసిపోకుండా వినపడాలంట," అన్నాడు. మేడమ్ చెప్పినదాంట్లో అతని బుర్రకు అందిన ముక్క అదే.

తేజస్ ముఖం వెలిగింది. "దాన్నే అంటారన్నా క్లారిటీ అని! బెంగళూరు నుంచి తెప్పిస్తా, వేరే లెవెల్ స్పీకర్లు. కానీ ముందు డోర్లు సరిచేయాల. నీ బండి డోరు ఉత్త రేకు డబ్బా. స్పీకరు ఒకటి పాడితే అది ఒకటి పాడుతాది."

శుక్రవారం బండిని షాపులో వదిలాడు. తేజస్ నాలుగు డోర్ల లోపలి అట్టలూ ఊడదీసి, రేకుమీద మోత అణిచే నల్లటి జిగురు షీట్లు పరిచి, రోలరుతో ఒత్తాడు. సీట్ల కిందా, డిక్కీలో, చక్రాల పైన, ఎక్కడ రేకు కనిపిస్తే అక్కడ అంటించాడు. డోర్ల సందుల్లో కొత్త రబ్బర్లు వేశాడు. పాత స్పీకర్లు తీసేశాడు. బేస్ డబ్బాను సౌభాగ్య ముందే ఇంటి బయట పెట్టేసింది. ఇక కొత్త స్పీకర్లు బిగించడమే తరువాయి. పార్సెల్ రాలేదు. చీకటి పడినా రాలేదు. ధనంజయ నోటికొచ్చినట్టు తిట్టి, వైర్లకు టేపు చుట్టించుకుని, పాటలేని బండిని ఇంటికి తోలుకొచ్చాడు.

శనివారం పొద్దున ముగ్గురూ ఎక్కారు. డోరు వేస్తే ఎప్పుడూ ఢాంమని మోగేది, ఇవాళ డబ్ అని మెత్తగా పడింది. బండి కదిలింది. ధనంజయ చెవిలో వేలు పెట్టి తిప్పుకున్నాడు. ఏమిటీ నిశ్శబ్దం? తన చెవులకే ఏమైనా అయిందా? టైరు హోరు లేదు, డోర్ల గడగడ లేదు. వెనక సౌభాగ్య గాజులు ఒకదానికొకటి తగలడం వినిపిస్తోంది.

అద్దంలో చూశాడు. రక్షిత చెయ్యి లేచింది. తలదాకా పోయింది. బిళ్ళను తడిమింది. పిల్ల వేళ్లు బిళ్ళమీద కాసేపు ఉండి, కిందికి దిగి, గౌను కుచ్చులతో ఆడుకోసాగాయి.

ఊరు దాటింది. అయినా పీకలేదు. రెండు పక్కలా కంచె, కంచె వెనక ఎంత దూరం చూసినా సోలార్ పలకలు. మొగుడూ పెళ్లాలు అద్దంలో ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మాట్లాడితే ఎక్కడ చెడుతుందోనని ఇద్దరికీ భయం. ఇన్ని శనివారాలు స్పీకర్లు పెడితే పీకేసిన పిల్ల, స్పీకర్లే లేకపోతే ఉంచుకుందేమిటి? ఇదేం లెక్క? ధనంజయకు తల తిరిగిపోయింది.

మలుపులో గొర్రెల మంద రోడ్డుకు అడ్డంగా నిలబడి ఉంది. బండి ఆగింది. హారన్ మీదికి పోయిన చేతిని ధనంజయ వెనక్కు లాక్కున్నాడు. హారన్ కొడితే పిల్ల ఉలిక్కిపడుతుంది, పీకేస్తుంది. గొర్రెలేమో కదలవు. అద్దం దించి, తల బయటపెట్టి, తాతతండ్రుల నోటినుంచి వచ్చిన కూతే కూశాడు.

"ట్ర్ర్ర్ర్... హోయ్! హోయ్!"

మంద చీలింది. అద్దం ఎత్తి, గేరు వేయబోయాడు.

"ఓయ్."

సన్నటి గొంతు. వెనక నుంచి. ధనంజయ సౌభాగ్య వైపు తిరిగాడు. ఆమె అరచేతితో నోరు మూసుకుని ఉంది, అన్నది ఆమె కాదు. రక్షిత తండ్రి నోటి వైపే చూస్తోంది. మేడమ్ ఎన్ని నెలలుగా బొమ్మలు చూపించి, బతిమాలి అడిగినా ఏడుపుతో కలిపి ఒక "ఆ" అనేది, అంతే. ఎవరూ అడగకుండా, విని, విన్నది తిరిగి అనడం పుట్టినప్పటినుంచి ఇదే మొదలు.

"ఓయ్," అంది మళ్ళీ. అతని భుజం మీద చిన్న చేత్తో తట్టింది.

ధనంజయ చేతులు వాటంతటవే లేచాయి. ఏమ్మా, ఏం కావాల అని అలవాటు ప్రకారం వేళ్లు తిప్పాడు. పిల్ల ఆ వేళ్లను చూడలేదు. మళ్ళీ భుజం తట్టింది.

"చేతులు తిప్పొద్దు. నోరు తెరువు," అంది సౌభాగ్య, ఏడుస్తూనే. "వినపడదని డాక్టరు చెప్పిన దినం నుంచి నువ్వు దాంతో ఒక్క మాట మాట్లాడలే. మెషిన్ పెట్టినాక గూడా మాట్లాడలే. అంగడ్లన్నీ తిరిగి దానికి గొంతులు కొనుక్కొచ్చినావు గానీ, నీ గొంతు యానాడన్నా ఇచ్చినావా?"

అబద్ధమని అరవబోయాడు. ఒక్క మాటన్నా గుర్తుకు తెచ్చుకుందామని వెతికాడు. దొరకలేదు. సిగ్గుతో చెవులు కాలిపోయాయి. ఫోన్ మోగింది, తేజస్. పార్సెల్ వచ్చి ఉంటుంది. కట్ చేశాడు.

"ఏం మాట్లాడేదే?" అన్నాడు బేలగా. నిజంగానే తెలియలేదు.

"నాతో కొట్లాడేటప్పుడు వస్తాయి గదా మాటలు, దండిగా."

రక్షిత ఎదురుచూస్తోంది. మెషిన్ తలమీదే ఉంది. ధనంజయ గొంతు సవరించుకున్నాడు. బండిలో మొదటిసారి ఎక్కిన ప్యాసింజరుతో తప్ప తనంతట తాను మాట మొదలుపెట్టే అలవాటు అతనికి లేదు. వాళ్లతో ఎట్లా మొదలుపెడతాడో ఇప్పుడూ నోటికి అదే వచ్చింది.

"నా పేరు ధనంజయ," అన్నాడు కూతురితో. "మాది ఈ ఊరే. నేను... నేను మీ నాయన్ని."